గిన్నెలో పెరిగే సూర్యకాంత శిల

మన పూర్వకవులు రెండు శిలలను గురించి తరచు చెబుతూ ఉంటారు. ఒకటి సూర్యకాంతం; సూర్యకిరణం సోకగానే అందులోనుంచి నిప్పు పుడుతుందట. రెండవది చంద్రకాంతం, వెన్నెల సోకగానే అది కరిగి నీరు కారుతుందట. కావ్యాలలోని మేడలలోనూ, ఉద్యానవనాలలోనూ తప్ప ఈ శిలలు మనకు మరెక్కడా కనిపించవు. కాని ఈ పదిహేనేళ్ళకు పైగా ప్రపంచంలోని ఎన్నో పరిశోధనాలయాలలో శాస్త్రజ్ఞులు పెంచుతున్న ఒక నల్లని స్ఫటికాన్ని గురించి వింటే, ఆ రెండు శిలలూ జ్ఞాపకం రాక మానవు. ఎండ సోకితే అది విద్యుచ్ఛక్తిని ఇస్తుంది. తడి సోకితే తన రూపు పోగొట్టుకుని, పసుపుపచ్చని పదార్థంగా మారిపోతుంది. దాని పేరు పెరోవ్‌స్కైటు.

ఇప్పుడు మన డాబాలమీద కనిపించే సోలార్ పలకలు దాదాపు అన్నీ సిలికానుతో చేసినవే. సిలికానును బాగా శుద్ధిచేసి, 1414 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో కరిగించి, ఆ ద్రవంలోనుంచి ఒక స్ఫటికాన్ని పెద్ద దుంగలాగా మెల్లమెల్లగా పైకి లాగి, ఆ దుంగను పల్చని బిళ్ళలుగా కోస్తారు. ఇందుకు పెద్ద కొలుములూ, బోలెడంత కరెంటూ కావాలి. పెరోవ్‌స్కైటుకు ఈ హంగు ఏదీ అక్కరలేదు. రెండు లవణాలను ఒక ద్రవంలో కరిగించి, గాజుపలక మీద పూసి, నీళ్ళు మరిగేపాటి వేడి తగిలిస్తే చాలు.

ఇంత తేలికగా పుట్టేది ఇంతే తేలికగా నశించకుండా ఉంటుందా? ఈ కథ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నది.

ఒకే ఇంటిపేరు

1839లో యూరల్ పర్వతాలలో దొరికిన ఒక ఖనిజాన్ని గుస్తావ్ రోజ్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు పరీక్షించి, అది అంతవరకూ ఎవరికీ తెలియనిదని నిర్ణయించాడు. ఖనిజాలంటే మక్కువగల లెవ్ పెరోవ్‌స్కీ అనే రష్యను ప్రభువు పేరును దానికి పెట్టాడు. ఆ ఖనిజంలో ఉన్నవి కాల్షియం, టైటానియం, ప్రాణవాయువు. దానికీ కరెంటుకూ ఏ సంబంధమూ లేదు. కాని అందులో పరమాణువుల అమరిక చాలా చక్కనిది. తరువాత అదే అమరిక గల పదార్థాలు ఇంకా ఎన్నో బయటపడ్డాయి. వాటన్నిటికీ పెరోవ్‌స్కైటు అన్న పేరే స్థిరపడిపోయింది. ఇంటిపేరు ఒకటే అయినా మనుషులు వేరైనట్లే, వీటి గుణాలు మాత్రం వేరు వేరు.

ఆ అమరిక ఎటువంటిది? నాలుగు పలకలుగా ఉన్న ఒక గదిని ఊహించుకోండి. గది ఎనిమిది మూలలా ఎనిమిది సీసపు పరమాణువులు. మూలనుంచి మూలకు పోయే ప్రతి దూలం నడుమా ఒక అయొడిను పరమాణువు. గది మధ్యలో ఒక అతిథి. ఈ అతిథి మరీ లావైతే గది పగులుతుంది. మరీ సన్నమైతే దూలాలు వంకర తిరుగుతాయి. ఏ కొలత గల పరమాణువులు ఇటువంటి గదిలో ఇముడుతాయో లెక్కకట్టే సూత్రాన్ని 1926లో గోల్డ్‌ష్మిట్ చెప్పాడు. నేటికీ పరిశోధకులు కొత్త స్ఫటికం తలపెట్టేముందు ఆ లెక్క చూసుకుంటారు.

సీసియం, సీసం, లవణజనకాలు కలిసిన స్ఫటికాలకు ఇదే కట్టడి ఉన్నదనీ, వెలుతురు పడితే వాటిలో కరెంటు పారటం హెచ్చుతుందనీ 1958లో మోలర్ అనే డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. 1978లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో డీటర్ వెబర్ సీసియానికి బదులు మిథైల్ అమోనియం అనే అణువును అతిథిగా కూర్చోబెట్టాడు. ఇప్పుడు మనం చెప్పుకుంటున్న నల్లని స్ఫటికం అదే. కాని దానిని ఎండలో పెట్టి కరెంటు తీయవచ్చునన్న ఆలోచన పనిలోకి రావటానికి మరో ముప్పై ఏళ్ళు పట్టింది.

యొకొహామాలో మొదలు

2009లో జపానులోని యొకొహామాలో, టోయిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య మియసాకా, కోజిమా, వారి సహచరులు ఈ పదార్థాన్ని మొదటిసారి సూర్యశక్తికి వాడారు. పడిన వెలుతురులో నూటికి 3.8 పాళ్ళు మాత్రమే కరెంటుగా మారింది. అందులో వాడిన ద్రవం కాసేపటికే స్ఫటికాన్ని కరిగించివేసేది. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

2012లో పరిస్థితి మారింది. కొరియాలోని నామ్-గ్యూ పార్క్ బృందమూ, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో హెన్రీ స్నేత్ బృందమూ ద్రవాన్ని తీసివేసి, దాని స్థానంలో ఘనపదార్థాన్ని ఉంచాయి. కరగటం ఆగింది, ఫలితం నూటికి పది పాళ్ళ దరికి చేరింది. అక్కడినుంచి వేటగాడి బాణంలాగా పైకి దూసుకుపోయింది. 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో నూటికి ఆరు పాళ్ళతో మొదలైన సిలికాను, పాతిక పాళ్ళకు చేరటానికి సుమారు నలభై అయిదేళ్ళు తీసుకున్నది. పెరోవ్‌స్కైటు 2009లో మొదలుపెట్టి 2019 నాటికే ఆ మెట్టు ఎక్కింది.

కలకండ పద్ధతి

స్ఫటికం పెంచటమంటే మన ఇళ్ళలో తెలియని విద్య కాదు. పంచదారను వేడినీళ్ళలో కరిగేటంత కరిగించి, ఆ చిక్కని పాకంలో దారం వేలాడదీసి కదపకుండా ఉంచితే, పాకం చల్లారి ఇంకినకొద్దీ దారం చుట్టూ కలకండ కడుతుంది. చినగంజాం వంటి చోట్ల ఉప్పుమడులలో సముద్రపు నీరు ఎండకు ఇంకి ఉప్పు పేరుకోవటమూ ఇదే సూత్రం. ద్రవం తాను మోయగలిగినదానికంటె ఎక్కువ బరువును మోస్తున్నప్పుడు, ఆ ఎక్కువను ఎక్కడో ఒకచోట దించవలసిందే. మెల్లగా దించితే పెద్ద పలుకులు. తొందరపడి దించితే పొడి.

పెరోవ్‌స్కైటు పెద్ద స్ఫటికాలు కావాలన్నా ఇదే దారి. అయితే ఇందులో ఒక తమాషా ఉన్నది. పంచదార వేడినీళ్ళలో ఎక్కువగా, చన్నీళ్ళలో తక్కువగా కరుగుతుంది. ఈ స్ఫటికం కొన్ని ద్రవాలలో అందుకు విరుద్ధంగా నడుచుకుంటుంది. వేడిచేసినకొద్దీ ఇమడక బయటికి వచ్చి స్ఫటికమవుతుంది. ఇటువంటి గుణం మన తాంబూలపు సున్నానికీ ఉన్నది. సున్నపుతేటను కాచితే, కరిగి ఉన్న సున్నం విడిపోయి తేట మసకబారుతుంది.

ఈ గుణాన్ని ఆధారం చేసుకుని 2015లో సౌదీ అరేబియాలోని కింగ్ అబ్దుల్లా విశ్వవిద్యాలయంలో ఉస్మాన్ బక్ర్ బృందం, అంతవరకూ రోజులూ వారాలూ పట్టే పనిని గంటలలోకి దింపింది. సీసపు బ్రోమైడునూ, మిథైల్ అమోనియం బ్రోమైడునూ డైమిథైల్ ఫార్మమైడు అనే ద్రవంలో కరిగించి, వడకట్టి, సుమారు 80 డిగ్రీల వేడిమీద ఉంచితే, నారింజరంగు స్ఫటికాలు కళ్ళముందే పెరుగుతాయి. అయొడైడుకు మరొక ద్రవం, ఇంకొంచెం ఎక్కువ వేడి కావాలి. అవి నల్లగా, నిగనిగలాడుతూ వస్తాయి. వాటిలో మచ్చలేని చిన్న పలుకును ఏరి, విత్తనంగా కొత్త ద్రావణంలో వేస్తే, అది ఇంకా పెద్దదవుతుంది.

కాచకుండా పెంచే పద్ధతి ఒకటున్నది. ద్రావణం ఉన్న చిన్న గిన్నెను, మరొక ద్రవం ఉన్న పెద్ద పాత్రలో పెట్టి మూత బిగిస్తారు. ఈ రెండవ ద్రవంలో లవణాలు కరగవు. దాని ఆవిరి కొద్దికొద్దిగా చిన్న గిన్నెలోకి చేరుతుంది. అది చేరినకొద్దీ లవణాలకు చోటు ఇరుకై, అడుగున స్ఫటికాలు కూర్చుంటాయి. ఏ పద్ధతిలోనైనా పాటించవలసిన నియమాలు కలకండకు పాటించేవే: దుమ్ము పడకూడదు, గిన్నె కదలకూడదు, తొందరపడకూడదు.

పెద్ద స్ఫటికం వలన ప్రయోజనమేమిటంటే, పదార్థం అసలు స్వభావం అందులోనే తెలుస్తుంది. వెలుతురు పడగానే స్ఫటికంలో ఒక ఎలక్ట్రాను తన చోటు విడిచి లేస్తుంది. అది లేచినచోట ఒక ఖాళీ మిగులుతుంది. ఎలక్ట్రాను ఒక వైపుకూ, ఖాళీ రెండవ వైపుకూ చేరుకుంటేనే తీగలో కరెంటు పారుతుంది. దారిలో రెండూ మళ్ళీ కలుసుకుంటే పడిన ఎండ వృథా. 2015లో అమెరికాలోని నెబ్రాస్కాలో జిన్‌సాంగ్ హువాంగ్ బృందం, తాము పెంచిన స్ఫటికంలో ఇవి 175 మైక్రాన్లకు పైగా, అనగా తలవెంట్రుక మందానికి రెట్టింపు దూరానికి పైగా, క్షేమంగా పోగలవని చూపింది. గిన్నెలో పుట్టిన పదార్థానికి ఇది గొప్ప సంగతి. సిలికానులో లేశమాత్రం మలినం చేరినా ఎలక్ట్రానులు దానిలో చిక్కుపడతాయి. పెరోవ్‌స్కైటులో లోపాలున్నా, వాటిలో చాలావరకు ఎలక్ట్రానులను పట్టివేసే గోతులు కావు. దానికి ఇంత తేలికపాటి తయారీ సరిపోవటానికి ఇదే ముఖ్యకారణం.

సారె మీద పొర

కాని సోలార్ పలకకు పెద్ద స్ఫటికం పనికిరాదు. కావలసింది పల్చని పొర. ఈ పదార్థం వెలుతురును ఎంత బాగా తాగుతుందంటే, అర మైక్రాను మందం, అనగా మిల్లీమీటరులో రెండువేలవ వంతు, చాలు. సిలికాను బిళ్ళ అంతకు కొన్ని వందల రెట్లు మందం.

పరిశోధనాలయంలో ఈ పొరను వేసే తీరు కుమ్మరి సారెను గుర్తుకు తెస్తుంది. తిరిగే పీట మీద చిన్న గాజుపలకను బిగిస్తారు. దాని నడుమ కొద్దిగా ద్రావణం పోసి, నిమిషానికి కొన్నివేల చుట్లు తిప్పుతారు. ద్రావణం అంచులకు పరచుకుని, మిగిలింది ఎగిరిపోయి, పల్చని తడిపొర నిలుస్తుంది. దానిని అలాగే ఆరనిస్తే, అక్కడొక స్ఫటికం ఇక్కడొక స్ఫటికం ఏర్పడి మధ్యలో ఖాళీలు మిగులుతాయి. ఖాళీలున్న పొర చిల్లుల కడవవంటిది. పుట్టిన కరెంటు అక్కడే కారిపోతుంది.

దీనికి విరుగుడును 2014లో కొరియాలో సాంగ్ ఇల్ సియోక్ బృందం ప్రకటించింది. పలక తిరుగుతూ ఉండగానే, లవణాలను కరిగించలేని టొలువీను అనే ద్రవాన్ని దానిమీద ధారగా పోస్తారు. అప్పుడు అసలు ద్రవం ఒక్కసారిగా తొలగిపోతుంది. పొరలో ఎక్కడ చూసినా ఒకేసారి కోటానుకోట్ల విత్తనాలు పడతాయి. తరువాత ఆ పలకను సుమారు నూరు డిగ్రీల వేడిమీద కాసేపు ఉంచగానే, లేతగా ఉన్న పొర నల్లబడి అద్దంలాగా మెరుస్తుంది. సందులేకుండా స్ఫటికాలు ఒకదానినొకటి ఒరుసుకుని ఉంటాయి.

ఆ ధార పోసే క్షణంలోనే ఉన్నది రహస్యమంతా. మైసూరుపాకు చేసే ఇల్లాలికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒక్క క్షణం ముందు దింపితే హల్వా. ఒక్క క్షణం ఆలస్యమైతే రాయి. ఇక్కడా అంతే. ఒకే వంటకాన్ని ఇద్దరు చేస్తే రెండు రకాలుగా రావటం ఈ పరిశోధకులకు నిత్యానుభవం. గదిలో తేమ, చేతివాటం, ద్రావణం వయస్సు, అన్నిటి ప్రభావమూ పొరమీద ఉంటుంది. పైగా తిరిగే పీటమీద బిళ్ళంత పలకను చేయవచ్చుగాని బల్లంత పలకను చేయలేము. పోసిన ద్రావణంలో ఎక్కువభాగం వృథా. అందుకని కర్మాగారాలవారు సన్నని చీలికలోనుంచి ద్రావణాన్ని వరుసగా పూసే యంత్రాలనూ, గాలి తీసిన గదిలో లవణాలను ఆవిరిచేసి పలకపై పట్టించే పద్ధతినీ అవలంబిస్తున్నారు.

ఎండను ఇచ్చి వెలుతురు పుచ్చుకోవచ్చు, వెలుతురు ఇచ్చి...

వెలుతురును బాగా కరెంటుగా మార్చగల పదార్థం, కరెంటు ఇస్తే బాగా వెలగనూ గలదు. ఇది ప్రకృతి నియమం. 2014లో కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు పెరోవ్‌స్కైటుతో దీపాలు చేసి చూపారు. మరుసటి ఏడు జూరిక్‌లో మాక్సిమ్ కొవలెంకో బృందం సీసియంతో అతిసూక్ష్మ స్ఫటికాలను తయారుచేసింది. వాటిలో అయొడిను ఉంటే ఎరుపు, బ్రోమిను ఉంటే ఆకుపచ్చ, క్లోరిను కలిస్తే నీలం. పాళ్ళు మార్చినకొద్దీ మధ్యరంగులన్నీ వస్తాయి. రంగు అంత స్వచ్ఛంగా ఉండటంవల్ల, టెలివిజను తెరలకు ఇవి పనికివస్తాయని చూస్తున్నారు.

ఇక పెద్ద స్ఫటికాలకూ ఒక మంచి ఉద్యోగం ఉన్నది. సీసం బరువైన ధాతువు గనుక ఎక్స్‌రేలను బాగా ఆపుతుంది. ఆపిన ఎక్స్‌రేను ఈ స్ఫటికం నేరుగా కరెంటుగా మారుస్తుంది. ఆ కరెంటును కొలిస్తే బొమ్మ ఏర్పడుతుంది. ఎక్స్‌రే పలక ఎంత చురుకైనదైతే రోగిపై పంపవలసిన కిరణాలు అంత తక్కువ. పసిపిల్లలకూ, పదేపదే ఫోటో తీయించుకోవలసిన రోగులకూ ఇది చిన్న లాభం కాదు.

తడి, వేడి, సీసం

ఇంతవరకూ సూర్యకాంతపు గుణాలు. ఇక చంద్రకాంతపు గుణం.

మన గదిలోని అతిథి మిథైల్ అమోనియం స్థిరంగా కూర్చునే రకం కాదు. వేడి ఎక్కువైతే గది విడిచి ఎగిరిపోతుంది. తేమ తగిలితే గోడలు సడలుతాయి. చివరకు మిగిలేది సీసపు అయొడైడు అనే పసుపుపచ్చని పదార్థం. దానికి కరెంటు ఇచ్చే శక్తి పోయినట్లే. కొంచెం పెద్దదైన ఫార్మమిడీనియం అనే అతిథిని కూర్చోబెడితే వేడికి మరింత తట్టుకుంటుంది. కాని ఆ నల్లని రూపు 150 డిగ్రీల దరి వేడిలోనే దానికి సహజం. మామూలు వేడిమిలో మెల్లగా పసుపుపచ్చని వేరొక రూపుకు జారిపోతుంది. అందుకని గదికొక రకం అతిథిగా సీసియాన్నీ కొద్దిగా కలిపారు. 2016లో మూడు రకాల అతిథులనూ ఒకే స్ఫటికంలో కూర్చి, స్విట్జర్లండులోని పరిశోధకులు నూటికి 21 పాళ్ళు సాధించారు. పొర నిలకడ కూడా పెరిగింది.

అయినా అయొడిను పరమాణువులు వెలుతురులోనూ, కరెంటు పారేటప్పుడూ స్ఫటికంలో మెల్లగా తావులు మారుతూనే ఉంటాయి. దానికి స్ఫటికపు అంచులను తగిన అణువులతో పూత పూస్తున్నారు. తేమ రాకుండా రెండు గాజుపలకల మధ్య పెట్టి చుట్టూ సీలు చేస్తున్నారు.

సోలార్ పలకలకు ప్రపంచమంతా అంగీకరించిన పరీక్ష ఒకటున్నది. 85 డిగ్రీల వేడిలో, నూటికి 85 పాళ్ళ తేమలో, వెయ్యి గంటలు ఉంచాలి. దీనిలో నెగ్గిన పెరోవ్‌స్కైటు పలకలు ఉన్నాయి. కాని వెయ్యి గంటలంటే ఆరు వారాలు. ఇంటివాడికి కావలసింది పాతికేళ్ళు. విశాఖపట్నంలోనో బందరులోనో డాబామీద పెట్టిన పలకకు వేసవిలో అరవై డిగ్రీల కాకా, ఆపైన ఉప్పుగాలీ, ఆపైన తుపానుల వానా తప్పవు. ఆ పరీక్షను ఏ యంత్రమూ పూర్తిగా అనుకరించలేదు.

సీసం మాట కూడా దాచరాదు. చదరపు మీటరు పొరలో ఉండే సీసం ఒక గ్రాముకు లోపే. మన ఇళ్ళలో ఇన్వర్టరు కింద ఉండే బాటరీలో సీసం కిలోల లెక్కన ఉంటుంది. అయితే బాటరీలోని సీసం పెట్టెలో భద్రంగా ఉండి తిరిగి కరిగింపుకు పోతుంది. పలక పగిలి వాన పడితే ఈ సీసం నీటిలో కరిగిపోగలదు. అందుకని సీసాన్ని పట్టి ఉంచే పొరలను పలక లోపల అమర్చే ప్రయత్నాలు సాగుతున్నాయి. సీసానికి బదులు తగరం వాడి చూశారు. తగరం గాలి తగిలితే త్వరగా చెడుతున్నది.

అన్నదమ్ముల పొత్తు

పెరోవ్‌స్కైటు సిలికానును వెళ్ళగొడుతుందని మొదట్లో అనుకున్నారు. జరుగుతున్నది మరొకటి. ఇద్దరూ పొత్తు కలిశారు. సిలికాను పలకమీద పెరోవ్‌స్కైటు పొర వేస్తే, పై పొర నీలం, ఆకుపచ్చ కిరణాలను తాను తీసుకుని, కంటికి కనిపించని పరారుణ కిరణాలను కిందికి వదులుతుంది. వాటిని సిలికాను అందుకుంటుంది. ఒంటరి సిలికాను ఎంత చేసినా నూటికి 29 పాళ్ళ చిల్లర దాటలేదని లెక్క. ఈ జంట 2025 ఏప్రిల్‌లో చైనాలోని లోంగీ సంస్థ పరిశోధనాలయంలో 34.85 పాళ్ళు ఇచ్చింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ పీవీ సంస్థ జర్మనీలోని తన కర్మాగారంలో చేసిన జంట పలకలను అమెరికాకు అమ్మింది. అంగడిలోకి వచ్చిన ఆ పెద్ద పలకల ఫలితం నూటికి 24.5 పాళ్ళు. పరిశోధనాలయంలోని బిళ్ళకూ, కర్మాగారపు పలకకూ ఎంత దూరమో ఈ రెండు అంకెలే చెబుతాయి. మన దేశంలో బొంబాయి ఐ.ఐ.టి.లోనూ, హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలోనూ పెరోవ్‌స్కైటుపై పరిశోధనలు జరుగుతున్నాయి.

మరి ఈ ఏడు డాబామీద సోలార్ పలకలు వేయించాలనుకున్న గృహస్థు ఆగాలా? ఆగనక్కరలేదు. పాతికేళ్ళ హామీతో సిలికాను పలకలు దొరుకుతున్నాయి. అవి అంతకాలం నిలుస్తాయని చూసినవారున్నారు. పెరోవ్‌స్కైటుకు అటువంటి సాక్షి ఇంకా లేడు. ఉండటానికి అది పుట్టి అంతకాలం కాలేదు. ఎన్నోచోట్ల ఆరుబయట బల్లలమీద పెట్టిన పలకలు ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ ఉన్నాయి. వాటి పక్కన కూర్చుని కరెంటు లెక్క రోజురోజూ రాసుకోవటమే ఇప్పుడు జరుగుతున్న అసలు పని. స్ఫటికాన్ని గిన్నెలో పుట్టించటానికి గంటలు చాలాయి. అది నిలుస్తుందో లేదో తేలటానికి మాత్రం వేసవులు గడవాలి, వానాకాలాలు గడవాలి.